దోమతెర గౌను

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "మేడమ్, మీరు బ్యాంకులో 34 ఏళ్ళు చేశారు కదా, రిటైరైనవాళ్ళు డబ్బు ఎలా దాచుకోవాలో ఓ పావుగంట చెప్పండి" అన్నారు. నేను బొమ్మకి గౌను కుట్టడం గురించి చెబుతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత "పర్వాలేదండి" అన్నారు. ఆ పర్వాలేదుకి అర్థం ఏమిటో కౌంటర్లో అన్నేళ్ళు కూర్చున్నదానికి తెలియదా? అయినా నేను మార్చలేదు. ఎందుకు మార్చలేదో చివరికి మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి కూతురికి ఏడేళ్ళు. మొన్న దసరా సెలవులకి హైదరాబాదులో మా ఇంటికి వస్తూ ఒక బార్బీ బొమ్మని తెచ్చింది. ఒంటి మీద ఉన్న ఒక్క గౌనూ చిరిగిపోయింది. "అమ్మమ్మా, దీనికి సిండరెల్లా గౌను కుట్టవా" అంది. బజారులో కొందాం అన్నాను. "నీకు స్కూల్లో బొమ్మ గౌనుకి ఫస్ట్ ప్రైజు వచ్చింది కదా, అమ్మ చెప్పింది" అంది.

వచ్చింది. 1976లో, ఇదే స్కూల్లో, నేను పదో తరగతిలో ఉండగా. అప్పటి హస్తకళల ప్రదర్శన మీలో కొందరికి గుర్తుండాలి. కుట్టు టీచరుగారు ఆ ఏడు "కథల్లో మనుషులు" అని విషయం ఇచ్చారు. సీత, రుద్రమదేవి, శకుంతల, ఇలా ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు తెచ్చారు. నాది సిండరెల్లా. అంతర్వేది తీర్థంలో కొన్న కళ్ళు మూసి తెరిచే బొమ్మకి నీలం గౌను. ఆ గౌను గుడ్డ ఏమిటో తెలుసా? పాత దోమతెర. దాన్ని ఉతికి, బట్టలకి పెట్టే నీలిమందులో ముంచి, గంజి పెట్టి ఆరబెడితే గొడుగులా నిలబడింది. చిరిగిన జరీ చీరలోంచి ఊడదీసిన చమ్కీలు, మెడకీ అంచుకీ మన నరసాపురం లేసు. మొదటి బహుమతి, ఒక స్టీలు టిఫిన్ బాక్సు. హెడ్ మిస్ట్రెస్ గారి చేతుల మీదుగా తీసుకున్నాను.

ఆ గౌను నేను కుట్టలేదు.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. ప్రదర్శనకి వారం ముందు నేను కుట్టిన ఫ్రాకు చేతులు రెండూ ఒకే వైపుకి వచ్చాయి. బావి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నా బెంచీ స్నేహితురాలు చూసి, "ఇటియ్యి, నేను చూస్తాలే" అంది. బదులుగా ఆమె సైన్సు రికార్డులో బొమ్మలన్నీ నేను గీసిపెట్టాలని ఒప్పందం. కప్ప జీర్ణవ్యవస్థ, గుండె నిలువుకోత అన్నీ గీశాను. కాబట్టి బాకీ తీరిపోయిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఇంట్లో వాళ్ళు అడిగినప్పుడు కాదని అనలేదు. పెళ్ళయ్యాక అత్తవారింట్లో కూడా ఎవరో ఆ సంగతి ఎత్తితే నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకుంటూ పోతే అబద్ధం ఇంటిపేరులా అంటుకుపోతుంది. ఇప్పుడు మనవరాలి దాకా వచ్చింది.

సరే, ఈ వయసులో ఆ గౌను నిజంగా కుట్టి చూద్దాం అనుకున్నాను. బ్యాంకు మనిషిని కదా, ముందు వివరాలన్నీ సేకరించాను. సిండరెల్లా గౌను అనగానే మనకి నీలం రంగు గుర్తొస్తుంది. కానీ గాజు చెప్పు, గుమ్మడికాయ బండీ ఈ కథలోకి తెచ్చిన ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో రాసింది బంగారు వెండి జలతారు బట్టలని, వాటి నిండా రత్నాలని. 1950 డిస్నీ సినిమాలో కూడా అది వెండి తెలుపు గౌనే. తరవాత బొమ్మల మీదా పుస్తకాల అట్టల మీదా నీలం స్థిరపడింది. 2015లో మళ్ళీ తీసిన సినిమాకి శాండీ పావెల్ అనే ఆవిడ దుస్తులు తయారు చేశారు. ఒక్క నీలం కాకుండా రకరకాల ఛాయల పలచని గుడ్డని పొర మీద పొర వేసి, అమ్మాయి తిరుగుతుంటే రంగు మారినట్టు కనిపించేలా చేశారట. దాని మీద 10,000కు పైగా స్ఫటికాలు. అది చదివి నేను కోఠీకి వెళ్ళి లేత నీలం, ఊదా, లేతాకుపచ్చ నెట్లు తలా ఒక మీటరు, శాటిన్ ఒక మీటరు, రెండు పొట్లాల చమ్కీలు కొన్నాను. ఆటో ఖర్చుతో కలిపి ఆరు వందలు అయింది. బజారులో గౌను అంతకంటే చవకగా దొరుకుతుందని మా అల్లుడు అన్నాడు.

మూడు రోజుల్లో మూడు గౌన్లు పాడు చేశాను. మొదటిదాని నడుము దగ్గర కుచ్చులు ఎంత లావుగా వచ్చాయంటే బొమ్మ పొట్టకి దుప్పటి చుట్టుకున్నట్టుంది. రెండోదాన్ని మిషను మింగేసింది. అంటే నెట్టు సూది కింద కన్నంలోకి లాక్కుపోయి ముద్దయింది. మూడోది కాస్త గౌనులాగే ఉంది కానీ ఇస్త్రీ పెట్టగానే మధ్యలో అరచేతంత కరిగిపోయింది. మనవరాలు ఏమీ అనలేదు. "ప్రైజు వచ్చినప్పుడు నీ కళ్ళు బాగా కనపడేవేమో అమ్మమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి మన బ్యాచి వాట్సాప్ గ్రూపులో నంబరు తీసుకుని నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. మేం మాట్లాడుకుని పన్నెండేళ్ళు దాటింది. ఆమెకి పదో తరగతి అవగానే పెళ్ళయింది. ఈ ఊళ్ళోనే ఉంటుంది. ఆమె పేరు ఇక్కడ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది కాబట్టి చెప్పను. చెప్పకపోయినా తెలిసినవాళ్ళు నోరు మూసుకుని ఉండాలని నా మనవి.

విషయం చెప్పాను. పకపకా నవ్వి, "వీడియో పెట్టు. బొమ్మనీ గుడ్డనీ చూపించు" అంది. అక్కడి నుంచి తొమ్మిది రోజులు, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి నాకు పాఠం. కుట్టు క్లాసులో నేర్చుకోవలసింది యాభై ఏళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇందులో కొన్ని మీలో మనవరాళ్ళున్నవాళ్ళకి పనికొస్తాయి, చెబుతాను.

మొదట చెప్పింది ఇది. "బొమ్మ చిన్నదైంది కానీ గుడ్డ చిన్నదవలేదే." నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి లెక్క వేసుకుంటే తెలిసింది. బార్బీ 1959లో అమెరికాలో మొదటిసారి వచ్చినప్పుడు ఎత్తు పదకొండున్నర అంగుళాలు. ఇప్పటికీ దాదాపు అంతే. అంటే అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషిని ఆరో వంతు చేస్తే వచ్చే ఎత్తు. మనిషి ఆరో వంతయింది, శాటిన్ మందం మాత్రం అదే ఉంది. బొమ్మకి మనం వేసే గౌను, మనిషికి ఆరు రెట్లు దళసరి గుడ్డ వేసినట్టు. అందుకే కుచ్చులు పెడితే దుప్పటి అయింది. 4 మిల్లీమీటర్ల చమ్కీ బొమ్మ మీద కుడితే మనిషి గౌను మీద అంగుళం బిళ్ళ కుట్టినట్టే. నేను కొన్న రెండు పొట్లాలూ పక్కన పడేయమంది. మగ్గం పనివాళ్ళు వాడే సన్న పూసల్లో అన్నిటికంటే చిన్నవి తెచ్చుకోమంది. 2 మిల్లీమీటర్లు మించకూడదని షరతు.

కుచ్చులు వద్దు, అంబ్రెల్లా కట్ పెట్టమంది. నడుము దగ్గర గుడ్డ తక్కువగా, అంచు దగ్గర ఎక్కువగా ఉండాలి. ఇక్కడ మాత్రం నేను ఆమెని మించాను. బొమ్మ నడుము మూడున్నర అంగుళాలు, వెనక ఒకదాని మీద ఒకటి రావడానికి ఇంకో పావు. దాన్ని రెండు పైలతో భాగిస్తే మధ్య కన్నం వ్యాసార్ధం 0.6 అంగుళం. పావాడా పొడవు ఏడున్నర కలుపుకుంటే బయటి వృత్తం వ్యాసార్ధం సుమారు 8. అంచు చుట్టుకొలత 50 అంగుళాలు. మన లెక్కల మాస్టారు ఇక్కడ ఉంటే సంతోషించేవారు. నా స్నేహితురాలు మాత్రం, "అదంతా ఎందుకే, నడుముకి దారం చుట్టి దాన్ని ఆరు మడతలు పెడితే ఒక మడత ఎంతో కన్నం అంత" అంది. కొలిచి చూశాను. అదీ ఇదీ ఒకటే వచ్చింది.

అలాంటి వృత్తాలు నెట్టువి ఆరు, అడుగున శాటిన్ ఒకటి. ఆకుపచ్చ అన్నిటికంటే లోపల, తరవాత ఊదా, పైన నీలం. నెట్టు అంచు మడవనక్కరలేదు, పోగు ఊడదు కాబట్టి కత్తెరతో కోసి వదిలేయవచ్చు. శాటిన్ అలా కాదు. వెనక అతుకు అంచులకి నీళ్ళు కలిపిన ఫెవికాల్ సన్నగా రాసి ఆరనిచ్చి, అప్పుడు కుట్టాలి. నెట్టుని మిషను మింగకుండా కింద పలచని కాగితం పెట్టి కుట్టి, తరవాత కాగితం చింపేయాలి. ఇస్త్రీ పెట్టవలసి వస్తే మల్లు గుడ్డ కప్పి, పెట్టెని తక్కువ వేడి మీద ఆనించీ ఆనించకుండా ఉంచాలి. ఇవన్నీ ఆమె ఎక్కడా చదువుకోలేదు.

పై భాగానికి చెప్పిన ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చింది. వంటింట్లో వాడే ప్లాస్టిక్ చుట్టు కాగితాన్ని బొమ్మ నడుం నుంచి చంకల దాకా బిగించి చుట్టి, దాని మీద కాగితపు టేపు అతికించి, మెడ ఎక్కడో, టక్స్ ఎక్కడో, పక్క అతుకు ఎక్కడో పెన్నుతో గీసి, ఆ గీతల మీద కత్తిరించి విప్పితే ముక్కలు పరుచుకుంటాయి. అదే నమూనా. చుట్టూ పావు అంగుళం వదిలి గుడ్డ మీద గీసుకోవాలి. కుట్టాక ఆ పావునీ సగానికి కత్తిరించాలి, లేకపోతే లోపల గుడ్డ మూటలా ఉంటుంది. లైనింగు తెల్ల మల్లు. ముదురు రంగు గుడ్డ బొమ్మ ఒంటికి నేరుగా తగిలితే రంగు దిగి మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

పూసలు ఎప్పుడు కుట్టాలో కూడా క్రమం ఉంది. వెనక అతుకు వేయకముందే, గుడ్డ ఇంకా బల్లపరుపుగా ఉన్నప్పుడే కుట్టేయాలి. అతుకు వచ్చే చోట మాత్రం వదిలేయాలి, లేదంటే మిషను సూది పూస మీద పడి విరుగుతుంది. నేను రెండు విరిచాను. పావాడా మీద పూసలు నడుము దగ్గర ఒత్తుగా, కిందికి వెళ్ళే కొద్దీ పలచగా పడాలని చెప్పింది. అన్నీ ఒకే దూరంలో వరసగా కుడితే చుక్కల ముగ్గులా ఉంటుందట. బ్యాంకు చేతికి వరస తప్పడం రాదు. ఆమె వీడియోలో చూసి "మళ్ళీ లైను కట్టావు, విప్పు" అనేది. నూట అరవై దాకా కుట్టాను. అందులో సగం రెండేసిసార్లు.

ఆరో రోజో ఏడో రోజో అంచు దాకా వచ్చాం. అంచుకి లేసు వేద్దామా, ఆ రోజుల్లోలాగా, అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "ఆ లేసు సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా" అంది.

మన ఊరివాళ్ళకి చెప్పనక్కరలేదు కానీ, బయటి నుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లిక నేర్పారు. అది చుట్టుపక్కల ఊళ్ళకంతా పాకింది. వంటా పిల్లలూ చూసుకుంటూ అరుగు మీద కూర్చుని అల్లేవాళ్ళు. అల్లినది విదేశాలకి పోయేది. అల్లినవాళ్ళకి వచ్చేది అతి తక్కువ. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో దీని మీద ఒక పుస్తకమే ప్రచురించారు. నేను దాని పేరు బ్యాంకులో చేరాక విన్నాను. ఆ లేసు అల్లే ఇంట్లో పుట్టిన అమ్మాయి రెండేళ్ళు నా పక్కనే కూర్చుంది. నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నా గౌనుకి వేసిన లేసు, వాళ్ళమ్మగారు ఏజెంటుకి ఇవ్వడానికి అల్లి చుట్టిపెట్టిన చుట్టలోది. అమ్మకి చెప్పకుండా గజంన్నర కత్తిరించి నా గౌనుకి కుట్టింది. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, లేసు తూచి తీసుకుంటాడు. ఆ వారం తూకం తగ్గింది. కూలి ఆపేశాడు. "అమ్మ కొట్టలేదే" అంది. "ఒక్క మాట కూడా అనలేదు. ఆ గజంన్నరా మళ్ళీ అల్లితేగాని డబ్బు ఇవ్వనన్నాడు కదా, రెండు రాత్రులు లాంతరు ముందు కూర్చుని అల్లింది. నేనూ పక్కన కూర్చుని అల్లాను. అందుకే నా బొమ్మ అవలేదు."

ఇది వినగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ప్రదర్శన రోజు పొద్దున కుట్టు టీచరుగారు వరసగా అందరి బొమ్మలూ చూస్తూ మా బెంచీ దగ్గరకి వచ్చారు. నా గౌను చూసి మెచ్చుకున్నారు. ఆమె చేతిలో ఏమీ లేదు. "క్లాసులో అందరికంటే బాగా కుట్టేదానివి, నీకేమొచ్చింది, ఒళ్ళు బద్ధకమా" అని బెంచీ ఎక్కించారు. టీచరుగారి తప్పేమీ లేదు, వారికి ఏం తెలుసు. తెలిసినదాన్ని నేను. ఆమె పక్కనే కూర్చుని, ఆ గౌనుని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకున్నాను. ఆమె గంటసేపు నిలబడింది. ఆమె పాదాలు నా భుజం పక్కనే ఉన్నాయి. ఆ పాదాల పట్టీలకి ఒకవైపు మువ్వ ఊడిపోయి ఉండటం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఫోన్లో నాకు మాట రాలేదు. ఎందుకు చెప్పలేదే అప్పుడు, అన్నాను. "చెబితే నీ ప్రైజు పోయేది, నా డబ్బు వచ్చేదా?" అంది. మరి కుట్టి ఎందుకిచ్చావు అన్నాను. "ఏడుస్తున్నావు కదా" అంది. తరవాత, "అంచు కొలత ఎంతన్నావు, యాభయ్యా? కొరియర్లో పంపుతాను, మామూలు లేసు దారం అయితే బొమ్మకి తాడులా ఉంటుంది, మిషను దారంతో అల్లాలి" అని ఫోన్ పెట్టేసింది.

ఆరు రోజులకి వచ్చింది. మిషను దారంతో, అన్నిటికంటే సన్నని లేసు సూదితో అల్లిన 52 అంగుళాల అంచు. వెడల్పు పావు అంగుళం కూడా లేదు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి అంగుళానికీ మూడు తోరణాలు. ఆమెకి ఒక కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది కావలసి ఉంది. ఆ సంగతి నాకు లేసు వచ్చాక తెలిసింది.

గౌను పూర్తయ్యాక మనవరాలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. బెంచీ సంగతితో సహా. అది చాలాసేపు ఆలోచించి, "అయితే ఆ టిఫిన్ బాక్సు ఎవరిది?" అని అడిగింది. ఆ బాక్సు ఇంకా మా ఇంట్లోనే ఉంది. నేను ఇంటర్లో వాడాను, మా అమ్మాయి స్కూలుకి తీసుకెళ్ళింది. మూత మీద బహుమతి అని చెక్కిన అక్షరాలు సగం అరిగాయి. నిన్న సాయంత్రం దాన్ని పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. "నాకెందుకే, మా ఇంట్లో బోలెడున్నాయి" అంది. నేను అక్కడే పెట్టేసి వచ్చాను. రాత్రి వాళ్ళబ్బాయి స్కూటరు మీద దాన్ని మా బసకి పట్టుకొచ్చాడు. తెరిచి చూస్తే నిండా పూతరేకులు. ఖాళీ బాక్సు తిరిగి ఇవ్వకూడదు కదా, ఇప్పుడు నేను ఏం పెట్టి పంపాలో తెలియడం లేదు.

మన సంచికలో పాత బహుమతుల పట్టిక వేస్తున్నారని తెలిసి, 1976 హస్తకళల వరసలో నా పేరు తీసేయమని సంపాదకవర్గాన్ని అడిగాను. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు వేయాలి, మార్చకూడదన్నారు. వారన్నది సబబే. అందుకే ఈ ప్రసంగం అదే సంచికలో అచ్చు వేస్తామని మాట తీసుకున్నాను.

కుట్టు టీచరుగారు ఇప్పుడు లేరు. ఉంటే ముందు వారి దగ్గరకి వెళ్ళేదాన్ని. ఆమెని కూడా ఈ సభకి రమ్మన్నాను. మోకాళ్ళ నొప్పులు, అన్ని మెట్లు ఎక్కలేనంది. మెట్లు నాలుగే అన్నాను. "నాలుగైనా ఎక్కాలిగా" అంది.

గౌను తెచ్చాను. అదిగో, వెనక గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. బొమ్మని పంపడానికి మనవరాలు ఒప్పుకోలేదు, అందుకని మంచినీళ్ళ సీసాకి తొడిగాను. భోజనాలకి వెళ్ళేటప్పుడు ఒకసారి ఆగండి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి. వెనక మూడు టిచ్ బటన్లలో మధ్యది వంకరగా ఉంది, అది నా పని. అంచు మాత్రం ఆమెది.